మన్యంలో కంకర రోడ్డు - వేసిందెవరు, ఎవరి కోసం?

"లక్షన్నర పెట్టి సైకిల్ కొన్నావా? అదీ తారు రోడ్డు వదిలేసి గతుకుల్లో తొక్కడానికా?" అని లంచ్ టైములో మా టీములో ఒకాయన అడిగాడు. పాపం ఊరికే అడిగాడు, నేను మాత్రం గ్రావెల్ బైక్ గురించి పావుగంట లెక్చరిచ్చాను. హ్యాండిల్ రేసు సైకిల్‌లాగా కిందకి వంగి ఉంటుంది, టైర్లు మాత్రం నలభై మిల్లీమీటర్లు లేదా ఇంకా లావు, వాటిలో గాలి తక్కువ కొట్టుకుంటాం, తారు మీదా పోతుంది, కంకర మీదా పోతుంది, అడవి దారుల్లోనూ పోతుంది, ఇలా. అంతా విని ఆయన చల్లగా, "మా తాత అట్లాస్ సైకిల్ మీద ఇదే పని చేసేవాడు. వెనక ధాన్యం బస్తా కూడా ఉండేది" అన్నాడు.

దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ ఆ మాట బుర్రలో ఉండిపోయింది. ఈ టపా అందులోంచి పుట్టిందే.

అసలు గ్రావెల్ అన్న మాట మనకేమీ కొత్త కాదు. మా వైపు పల్లెల్లో "గ్రావెల్ పోసారు" అంటే ఎర్రమట్టి, గులకరాళ్ళు కలిసిన మట్టి తోలి చదును చేసారని అర్థం. ఎన్నికల ముందు గ్రావెల్, ఎన్నికల తర్వాత గోతులు. దాని మీద మెట్టు కంకర రోడ్డు, ఆ పైది తారు రోడ్డు. ఇప్పుడు సిమెంటు రోడ్డు. అంటే మన ఊళ్ళలో గ్రావెల్ ఒక ఆట పేరు కాదు, ఇంకా పూర్తి కాని పని పేరు.

కంకర రోడ్డు వెనకాల మంచి ఇంజనీరింగ్ ఉంది. 1816లో ఇంగ్లండులోని బ్రిస్టల్ రోడ్లకి సర్వేయరుగా చేరిన జాన్ లౌడన్ మెకాడమ్ అనే స్కాట్లండ్ ఆయన ఒక సులువైన పద్ధతి పట్టుకున్నాడు. అడుగున పెద్ద బండలు పరచక్కర్లేదు, నేలని పొడిగా ఉంచి పైన చిన్న చిన్న రాళ్ళు పరిస్తే చాలు అన్నాడు. ఏ రాయీ ఆరు ఔన్సులు, అంటే సుమారు 170 గ్రాములు దాటకూడదు. పగలగొట్టిన రాయికి పదునైన అంచులుంటాయి కాబట్టి, పైనుంచి బండి చక్రాలు తిరిగిన కొద్దీ రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి. పద్ధతి సులువే గానీ అందులో ఒక కిటుకుంది. ఆ రాళ్ళు ఎవరో ఒకరు కూర్చుని సుత్తితో కొట్టాలి. ఒక్క కిలోమీటరుకి ఎన్ని రాళ్ళు, ఒక్కో రాయికి ఎన్ని దెబ్బలు? లెక్కలొచ్చిన వాళ్ళం కదా, ఒకసారి వేసుకోండి. క్రషర్లు రాకముందు రోడ్డు ఖరీదులో పెద్ద భాగం మనిషి చెయ్యే.

ఇంకో తమాషా ఏంటంటే, నున్నటి రోడ్ల కోసం ముందు గొంతెత్తిన వాళ్ళలో సైకిళ్ళ వాళ్ళు ముఖ్యులు. కార్లు ఇంకా రోడ్ల మీదకి రాకముందు సంగతి ఇది. 1886లో బ్రిటన్‌లో సైక్లిస్టుల సంఘాలు రోడ్ల బాగు కోసమే ఒక సంస్థ పెట్టాయి. అమెరికాలో 1880లో పుట్టిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ వాళ్ళు 1892లో "గుడ్ రోడ్స్" అని ఏకంగా ఒక పత్రికే మొదలెట్టారు. రోడ్లు వచ్చాయి, వాటి మీదకి కార్లొచ్చాయి, సైకిళ్ళని పక్కకి నెట్టాయి. 1955కల్లా ఇంగ్లండులో రఫ్ స్టఫ్ ఫెలోషిప్ అని, పనిగట్టుకుని రాళ్ళదారులు వెతుక్కునే సైక్లిస్టుల సంఘం తయారైంది. 2006లో అమెరికాలోని కాన్సాస్‌లో కంకర దారుల మీద 200 మైళ్ళ పోటీ మొదలైంది. ఇప్పుడు దాన్ని అన్‌బౌండ్ గ్రావెల్ అంటున్నారు. తాతలు తారు కోసం పోరాడితే మనవలు తారు నుంచి పారిపోతున్నారన్నమాట.

అక్కడ కథ అది. మరి మన దగ్గర కొండదారులు ఎవరు అడిగితే వచ్చాయి? గత డిసెంబరులో నేనూ ఇంకో ఇద్దరు మిత్రులూ నర్సీపట్నంలో మకాం పెట్టి రెండు రోజులు తొక్కాం. మొదటి రోజు కింద తాండవ నది పరీవాహకంలో కృష్ణదేవిపేట, కొయ్యూరు వైపు. రెండో రోజు కొండెక్కి లంబసింగి, చింతపల్లి. పెద్ద రోడ్లన్నీ తారే, కాబట్టి వీలైన చోటల్లా పక్కకి దిగి జీడిమామిడి తోటల మధ్య మట్టిదారులూ, గెడ్డల పక్కన బండిబాటలూ, పైన కాఫీ తోటల్లో దారులూ పట్టుకున్నాం. కోత కోసిన వరిమళ్ళు, వాటి వెనక నీలంగా కొండల వరస. మొదటి రోజు మధ్యాహ్నానికి నాకు ఈ భూమ్మీద ఇంకేం అక్కర్లేదనిపించింది.

కృష్ణదేవిపేటలో సైకిళ్ళు దిగి అల్లూరి సీతారామరాజు సమాధి చూసాం. ఆ ఆవరణలోనే గాం గంటం దొర సమాధి కూడా ఉంది. నేను 1974లో వచ్చిన కృష్ణ సినిమా చూసి పెరిగినవాణ్ణి. అల్లూరి అంటే నాకు విల్లంబులూ, మిరపకాయ టపా, క్లైమాక్సూ. ఆ సినిమాల హోరులో అసలు గొడవ ఎక్కడ మొదలైందో ఎప్పుడూ పట్టించుకోలేదు. గొడవలో పెద్ద భాగం మేము మర్నాడు ఎక్కబోయే రోడ్డు దగ్గరే మొదలైంది.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. రోడ్డు రాకముందు మన్యంలో దారుల్లేక కాదు. ఊరి నుంచి ఊరికీ, పోడు పొలానికీ, సంతకీ కాలిబాటలుండేవి. కొండ మీద నుంచి చింతపండు, తేనె, కుంకుళ్ళు కిందకి దిగేవి, ఉప్పూ బట్టా పైకెక్కేవి. కొన్ని ఊళ్ళు కలిపితే ముఠా, దానికి ముఠాదారు. కింద మైదానంలో నడిచే చట్టాలు ఇక్కడ నడవవని కంపెనీ వాళ్ళకీ అర్థమై, 1839లో చట్టం చేసి గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో ఏజెంటుగా పెట్టారు. ఏజెన్సీ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. మనం ఇప్పటికీ వాడుతున్నాం.

1879 మార్చిలో రంప ప్రాంతంలో పెద్ద తిరుగుబాటు వచ్చింది. ఇది అల్లూరి కన్నా నలభై ఏళ్ళు ముందరి మాట. రంప మన్సబ్‌దారు వేసిన చిగురు పన్ను, సర్కారు కల్లు కాంట్రాక్టులు దానికి దగ్గర కారణాలు. తన ఇంటి దగ్గర జీలుగు చెట్టు కల్లు తను తాగడానికి పన్నేంటని కొండవాళ్ళు తిరగబడ్డారు. గూడెం, గొలుగొండ వైపూ, అటు భద్రాచలం వైపు రేకపల్లికీ పాకింది. దీన్ని అణచడానికి ఆరు మద్రాసు పటాలాలు, గుర్రపు దళం, నిజాం వైపు నుంచి ఇంకో పటాలం, వందల మంది పోలీసులూ రావాల్సొచ్చింది. వాళ్ళతో పాటు రెండు కంపెనీల "శాపర్స్ అండ్ మైనర్స్" కూడా వచ్చారు. శాపర్లంటే అడవి కొట్టి దారి వేసే సైనికులు. పటాలానికి దారి కావాలి మరి.

తమ్మన్న దొరనీ, ద్వారబంధాల చంద్రయ్యనీ 1880లో చంపేసారు. చాలామందిని అండమాన్ పంపారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిలో గీతలు గీసి ఇది రిజర్వు, ఇందులో పోడు కొట్టకూడదు, పశువుల్ని తోలకూడదు అన్నారు. నిన్నటిదాకా సొంత పెరడు అనుకున్నది ఒక్కసారిగా నేరస్థలం అయిపోయింది. కలప కిందకి దింపాలంటే బండి వెళ్ళే బాట ఉండాలి. అటవీ ఉద్యోగి తిరగాలంటే దారీ, మధ్యలో బంగళా ఉండాలి. 1907లో వచ్చిన హెమింగ్వే గోదావరి గెజెటీరు, ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజెటీరు మీరూ తిరగేయొచ్చు, రెండూ నెట్‌లో దొరుకుతాయి. వాటిలో రాకపోకల సౌకర్యాలకి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంటుంది. ఎవరి రాకకి, ఏం పోకకి అన్నది మిగతా అధ్యాయాలు చదివితే తెలుస్తుంది.

ఇప్పుడు మా రోడ్డు. 1920 ప్రాంతాల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారుగా బాస్టియన్ అనే అధికారి ఉండేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు కొండ రోడ్డు వేయించే పని ఆయన హయాంలో జోరుగా నడిచింది. రాళ్ళు కొట్టడానికీ, కొండ తవ్వడానికీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని బలవంతంగా పట్టుకొచ్చారు. ఇవ్వాల్సిన కూలీ ఇవ్వలేదు, ఇచ్చింది సగం సగం. ఎదురు మాట్లాడితే దెబ్బలు. ముఠాదారీ పోగొట్టుకుని ఆ అధికారి మీద మండిపడుతున్న అన్నదమ్ములు గాం గంటం దొర, గాం మల్లు దొర అప్పుడే రాజుతో కలిసారు. పోడు మీద ఆంక్షలు, అటవీ ఉద్యోగుల మామూళ్ళు, వెట్టి - ఇవన్నీ ఎప్పట్నుంచో ఉన్నవే. వాటన్నిటికీ కళ్ళెదురుగా కనిపించే రూపం ఈ రోడ్డు. మెకాడమ్ లెక్కలో మనిషి చెయ్యి అన్నాను కదా, ఆ చెయ్యి ఇదే.

మర్నాడు పొద్దున్నే చీకటి ఉండగానే ఆ రోడ్డెక్కాం. డౌనూరు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. నర్సీపట్నం ఇంచుమించు మైదానమే. అంటే ఎత్తంతా కాళ్ళతోనే సంపాదించాలి. చలికి వేళ్ళు బ్రేకు మీద బిగుసుకుపోయాయి. (ఊరి రెండో పేరు కొర్రబయలు. బయట ఉంటే కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని అట. ఆ పేరు పెట్టినాయన సైకిల్ తొక్కి ఉండాలి.) మొదట్లో తిట్టుకున్నాను గానీ ఓ గంట తొక్కాక ఒక సంగతి గమనించాను. ఎక్కడా మరీ నిలువుగా లేదు. కొండని చుట్టుకుంటూ, మలుపు మీద మలుపు తిరుగుతూ ఒకే రకం వాలుతో పోతోంది. మధ్యలో పక్కనుంచి కాలిబాటలు వచ్చి రోడ్డుని కోసుకుని నిలువుగా పైకి పోతున్నాయి. మేము అరగంట తొక్కిన చుట్టుని నెత్తిన కట్టెల మోపు పెట్టుకున్న ఒకావిడ పది నిమిషాల్లో ఎక్కేసింది.

దారి వాలు చూస్తే అది ఎవరి కోసమో తెలిసిపోతుంది. నడిచే మనిషికి ఇంత వంకర అక్కర్లేదు. ఈ వాలు ఎద్దుబండికీ, ఆ తర్వాత మోటారుకీ. బండి ఎవరి దగ్గర ఉంది? వర్తకుడి దగ్గర, కంట్రాక్టరు దగ్గర, సర్కారు దగ్గర. మన భాషలో చెప్పాలంటే కొండదారికి గిట్ బ్లేమ్ కొడితే ప్రతి మలుపుకీ ఒక పేరొస్తుంది. కాకపోతే కమిట్ చేసినవాడి పేరే ఉంటుంది, రాత్రంతా కూర్చుని పని చేసినవాడి పేరుండదు. అది మనకి తెలియని సంగతేం కాదు లెండి.

ఇది అర్థమయ్యాక 1922 ఆగస్టు కథ నాకు వేరేగా కనిపించింది. 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు. స్కూల్లో తేదీలు బట్టీ పట్టాం. మ్యాపులో పెట్టి చూడండి. చింతపల్లి కొండ మీద, కృష్ణదేవిపేట కొండ కింద, రాజవొమ్మంగి ఇంకా పడమరకి. మంచి సైకిలుతో, తారు రోడ్డు మీద, అరటిపళ్ళు తింటూ నేను ఈ మూడూ కలిపి తొక్కాలంటే ఒక రోజంతా ఒళ్ళు హూనం. వాళ్ళు వర్షాకాలంలో, గెడ్డలు పొంగే రోజుల్లో, వందలమంది కాలినడకన చేసారు. ఎలాగంటే వాళ్ళు రోడ్డు మీద లేరు. రోడ్డు మలుపుల్ని కోసుకుపోయే ఆ బాటల మీద ఉన్నారు.

నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాట్‌లో ఈ తేడా రక్తంతో తేలింది. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారుల నాయకత్వంలో పోలీసులు ఇరుకు దారిలో వెళ్తున్నారు. ముందు నడిచిన మనవాళ్ళని పోనిచ్చి, ఈ ఇద్దరినీ గురి చూసి కాల్చారు. దారి ఒకటే తెలిసినవాడికి, దారులన్నీ తెలిసినవాడు ఎప్పుడు ఎక్కణ్ణుంచి వస్తాడో తెలియదు.

తర్వాత మలబార్ స్పెషల్ పోలీసులొచ్చారు. 1924లో అస్సాం రైఫిల్స్‌ని దించారు. ఊళ్ళకి తిండి గింజలు అందకుండా కట్టడి చేసారు. చివరికి 1924 మే 7న రాజుని మంప దగ్గర పట్టుకుని కొయ్యూరులో కాల్చేసారు. అప్పటికి ఆయన వయసు 26. గంటం దొర కూడా ఆ ఏడాదే చనిపోయాడు. 1923లో దొరికిపోయిన మల్లు దొర అండమాన్ వెళ్ళి, బతికి తిరిగొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. మన్యం నుంచి అండమాన్, అక్కణ్ణుంచి పార్లమెంటు. ఈ దారి ఏ సినిమాలోనూ చూపించలేదు.

ఇంతవరకూ రాసి ఆపేస్తే కథ బానే ఉండేది. రోడ్డు దుర్మార్గపుది, బాట మంచిది, మట్టిదారి మీద తొక్కే నేను మంచివాళ్ళ పక్షం. కానీ ఆ రోజు మధ్యాహ్నం చింతపల్లి దగ్గర ఒక కాఫీ తోటలోంచి బయటపడ్డాం. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద ఎర్రటి కంకర దారి. ఆ రెండు రోజుల్లో అంత మంచి దారి ఇంకోటి లేదు. ఆ చివర టీ బడ్డీ దగ్గర ఒక పెద్దాయన మా సైకిళ్ళని ఎగాదిగా చూసాడు.

"ఎక్కణ్ణుంచి బాబూ?"

"వైజాగ్ నుంచి తాతా."

"కారు లేదా బాబూ?"

ఉందని చెప్పాను. ఇలాంటి మట్టిదారి మీద తొక్కుదామనే పనిగట్టుకుని వచ్చామని కూడా చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఈ రోడ్డుకి తారెయ్యమని మా ఊరోళ్ళం ఎన్నేళ్ళనుంచో ఆఫీసుల చుట్టూ తిరగతన్నాం. మొన్న వానల్లో మా కోడల్ని డోలీ కట్టి ఇలాగే మోసుకొచ్చాం. నువ్వేమో ఇది బాగుందని వచ్చావు" అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నాడు. మా టీ డబ్బులు కూడా ఇవ్వబోయాడు.

తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను. ముత్తాతలు రోడ్డు వద్దని తుపాకీ పట్టారు, మునిమనవలు రోడ్డు కోసం అర్జీ పట్టుకున్నారు. పైకి చూస్తే తిరగబడ్డట్టుంది గానీ, ఆలోచిస్తే రెండూ ఒకే మాట. మా మీద నుంచి పోయే రోడ్డు వద్దు, మా దగ్గరికి వచ్చే రోడ్డు కావాలి. మొదటి రకానికి డబ్బు ఎప్పుడూ దొరుకుతుంది. 2015లో చింతపల్లి, జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్ తవ్వకాలకి ఇస్తూ జీవో 97 వచ్చింది. గిరిజనులు గట్టిగా అడ్డం తిరిగితే ఆగి, 2019లో రద్దయింది. ఇప్పుడు రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఈ జాతీయ రహదారి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకి అల్లూరి పేరే పెట్టారు. మంచిదే. కానీ ఆ జిల్లాలోనే రహదారికి నాలుగైదు కిలోమీటర్ల లోపలున్న ఊళ్ళ నుంచి డోలీ మోతల వార్తలు ప్రతి వానాకాలం వస్తూనే ఉన్నాయి. ఆ చివరి నాలుగైదు కిలోమీటర్లే నాలాంటి వాళ్ళ రూట్ మ్యాపులో "బెస్ట్ సెక్షన్" అని మెరుస్తాయి.

దీనర్థం అక్కడికి వెళ్ళొద్దని కాదు. నేను మళ్ళీ వెళ్తాను. మీరూ వెళ్ళండి. సైకిలంత వేగంతో పోతే తప్ప ఆ కొండలు ఏం చెప్తున్నాయో వినపడదు. కారులో పోతే వాలు తెలియదు, వాలు తెలియకపోతే రోడ్డు ఎవరిదో తెలియదు. కాకపోతే ఆ దారులకి "ఎవరూ అడుగు పెట్టని" అన్న విశేషణం మాత్రం తగిలించకండి. అక్కడ ప్రతి రాయినీ ఎవరో ఒకరు కొట్టారు, చాలామందికి కూలీ కూడా అందలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, కాఫీ తోట దారి ఫోటో కింద నేను పెట్టిన వ్యాఖ్య తీసేసాను. "ఈ దారికి ఎప్పటికీ తారు పడకూడదు" అని రాసుకున్నాను పొద్దున. పెద్దాయన వాళ్ళ ఊరికి తారు పడితే నా రూటు ఒకటి పోతుంది. పోనీండి, ఇంకోటి వెతుక్కుంటాను. నాకు కారుంది.